మైక్ ఆన్‌లో ఉందని అయిదేళ్ల తర్వాత తెలిసింది. ఇప్పుడు మావాడితో మాట్లాడాలా, వద్దా?

ఘాట్‌రోడ్డు డ్రైవర్, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను ట్యాక్సీ నడుపుతాను. ఇల్లు కొర్లగుంటలో. సొంత బండి, ఎర్టిగా. రాయడం పెద్దగా అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

పది రోజుల కిందట రేణిగుంట స్టేషన్ బయట పార్టీ కోసం కాచుకుని ఉన్నా. పక్క బండి డ్రైవరు తెలిసినవాడే. వాళ్లబ్బాయి, మావాడు ఆరో తరగతి కలిసి చదివారు. పిల్లలు, ఫోన్లు అని ఏవో మాటలు వచ్చాయి. అతను నవ్వుతూ అన్నాడు: "ఏమైనా గానీ సామీ, ఆ కరోనాలో నువ్వు మీవాడిని వాయించిన వాయింపు మా ఇంట్లో అందరం విన్నాం. మైక్ ఆన్‌లో ఉండె. మా ఆడోళ్లు వంటింట్లోంచి వచ్చి మరీ విన్నారు." అతనికి అది తమాషా. నాకు చెవుల్లో గుయ్‌మంది.

ఏ రోజు అని అడగాల్సిన పని లేదు. 2020 సెప్టెంబరు 23, గరుడసేవ రోజు.

మా పని తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. ఆ ఏడాది మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు. స్వామికి పూజలు జరుగుతూనే ఉన్నాయి, జనం లేరు. జనం లేకపోతే మాకు బండి లేదు, బండి లేకపోతే పొయ్యి లేదు. జూన్ 11 నుంచి అందరికీ దర్శనం అన్నారు. కానీ అరవై డెబ్బై వేల మంది వచ్చే కొండకు మొదట్లో రోజుకు ఆరేడు వేల మందినే వదిలారు. మద్రాసు, బెంగుళూరు పార్టీలు రావాలంటే పాసులు, టెస్టులు. బండి అప్పు కంతులకు రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 దాకా గడువు ఇచ్చింది, వడ్డీ మాత్రం దాని పాటికి అది పెరుగుతూనే ఉంది. డ్రైవర్లకు ప్రభుత్వం ఇచ్చిన వాహనమిత్ర పదివేలు జూన్‌లో పడ్డాయి, ఇన్సూరెన్సుకు పోయాయి. ఆ ఏడు అధికమాసం కాబట్టి రెండు బ్రహ్మోత్సవాలు. మామూలుగా అయితే మాకు రెండు పంటలు పండినట్టే. రెండూ ఏకాంతంగానే జరిగాయి. గరుడసేవ నాడు అలిపిరి దగ్గర రోడ్డు ఖాళీగా ఉండటం నా జన్మలో అప్పుడే చూశా.

ఆ నెల కంతు 14,200. నా దగ్గర ఉన్నది నాలుగు వేలు.

ఇంట్లో ఒకటే ఫోన్. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా అందులోనే వాడి ఆన్‌లైన్ క్లాసు. బుకింగులు వచ్చేదీ అదే నంబరుకు. ఆ రోజు పదిన్నరప్పుడు నేను నడవలో కూర్చుని ఉన్నా. లోపల ఫోన్ మోగింది. రెండు రింగులు. ఆగిపోయింది. పోయి "ఎవరురా?" అన్నా. "తెలీదు నాన్నా, కట్ చేశా" అన్నాడు.

పన్నెండు రోజుల తర్వాత వచ్చిన మొదటి కాల్ అది.

గోడకు వేలాడుతున్న చార్జరు వైరు లాగి కొట్టా. నాలుగు దెబ్బలో అయిదో. చెయ్యి మీద, వీపు మీద. "కంతు ఎవడు కడతాడు? తిండి దండగ! తిండి దండగ నాయాలా!" అని అరిచా. ఫోన్‌లోంచి ఎవరో ఏదో అంటున్నట్టు వినబడింది. పాఠం అనుకున్నా. తర్వాత ఆ నంబరుకు ఫోన్ చేస్తే, వేరే బండి మాట్లాడుకున్నామన్నారు.

సాయంత్రం వాడి చేతికి కొబ్బరినూనె రాశా. మాట్లాడలేదు. నాలుగు గోడల మధ్య జరిగింది, పోయింది అనుకున్నా. అంతకుముందు కూడా అరిచిన రోజులున్నాయి, ఎవరింట్లో లేవు.

ఇప్పుడు అసలు సంగతి. మావాడిని ఫ్రెండ్సు "టీడీ" అంటారు. వీధి చివర నిలబడి "ఒరే టీడీ" అని కేకేస్తారు. క్రికెట్ పేరో, మన టీటీడీ లాంటిదో ఏదో అనుకున్నా. ఒకసారి నేను కూడా సరదాగా "ఏం టీడీ, అన్నం తిన్నావా?" అన్నా. వాడు పళ్లెం అక్కడే పెట్టి లేచి పోయాడు. వయసు తిక్క అనుకున్నా.

మొన్న స్టేషన్ నుంచి ఇంటికి వస్తుంటే లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో తట్టింది. తిండి దండగ. టీ, డీ.

వాడిప్పుడు ఇంటర్ ఫస్టియర్. చెడ్డ పిల్లాడు కాదు. ఎదురు చెప్పడు. అడిగినదానికి ఒక ముక్క సమాధానం, అంతే. అన్నీ వాళ్లమ్మతోనే. వాడి ఫీజు ఎంతో కూడా నాకు ఆవిడే చెప్తుంది. ఆవిడతో ఈ విషయం చెబితే, "మానిన పుండు, గిల్లొద్దు. వాడు మర్చిపోయుంటాడు" అంటోంది. మానిందో లేదో నాకెట్లా తెలుస్తుంది? మాట్లాడితే ఎట్లా మొదలుపెట్టాలి? ఎవరికైనా ఇట్లాంటిది ఉంటే చెప్పండి.

---

పుత్తూరు పాత మనిషి

మా నాయన నన్ను చింతచెట్టుకు కట్టేసి కొట్టాడు, బావి దగ్గర, ఊరంతా చూస్తుండగా. నేనేం చెడిపోయానా? పెన్షన్ తీసుకుంటున్నా. కొట్టింది వాడి బాగు కోసమే కదా. ఇంత ఆలోచించకు నాయనా, వాడికి ఒక మంచి ఫోన్ కొనిపెట్టు, సరిపోతుంది.

---

లెక్కల టీచర్, చంద్రగిరి

పెద్దాయనా, ఆ బావి దగ్గర ఎవరెవరు నిలబడి చూశారో మీకిప్పటికీ గుర్తుందా? ఉందనే అనుకుంటున్నా. అందుకే ఊరంతా చూస్తుండగా అని రాశారు.

డ్రైవర్ అన్నా, నేను ఆ మైక్‌కు అటువైపు ఉన్నదాన్ని. మీ అబ్బాయి టీచర్ని కాదు, కానీ అప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పాను. సగం జీతానికి. ఆ నెలల్లో మేం ఏమేం విన్నామో ఎవరికీ చెప్పలేదు. కుక్కర్ విజిల్సు, కోళ్లు, టీవీలో సప్తగిరి ఛానెల్ పాఠం, అప్పులవాళ్ల ఫోన్లు. మొగుడూ పెళ్లాల గొడవ. పిల్లల్ని కొట్టడం నా క్లాసులోనే మూడుసార్లు విన్నాను. మొదటిసారి నాకు చేతులు ఆడలేదు. అందరి మైకులూ ఆపే బటన్ ఒకటుంది, నొక్కితే ఒక్క సెకను. ఆ బటన్ ఎక్కడుందో కనబడలేదు. నలభై మంది పిల్లల ముఖాలు చిన్న చిన్న గళ్లలో, అందరూ నోరు తెరుచుకుని వింటున్నారు. ఒకడు నవ్వాడు. దాని తర్వాత నేనేం చేశానో తెలుసా? "సరే, తర్వాతి లెక్క" అన్నాను. అంతే. ఆ ఇంటికి ఫోన్ చెయ్యలేదు. ఆ పిల్లాడితో విడిగా ఒక మాట మాట్లాడలేదు. ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాను.

ఆ పిల్లాడు తర్వాత నుంచి ప్రశ్న అడిగితే "నెట్‌వర్క్ ప్రాబ్లం మేడం" అని చాట్‌లో టైపు చేసేవాడు. గొంతు వినిపించలేదు. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకే స్కూళ్లు తెరిచారు కదా, చిన్న తరగతుల వాళ్లు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. ఇంట్లోంచి పారిపోయి స్కూలుకు వచ్చే వీలు కూడా లేకపోయింది వాడికి.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. నా కూతురికి అప్పుడు నాలుగేళ్లు. పక్క గదిలో కార్టూన్ పెట్టి కూర్చోబెట్టేదాన్ని. ఒకరోజు క్లాసు మధ్యలో ఒళ్లోకి ఎక్కబోయింది. కెమెరాలో పడకుండా ఎడంచేత్తో నెట్టాను. పడింది. నేను భిన్నాలు చెప్పడం ఆపలేదు. నా మైక్ మాత్రం నేను జాగ్రత్తగానే ఆపుకున్నాను, చూశారా.

కాబట్టి మీకు సలహా ఇచ్చే అర్హత నాకు లేదు. కానీ వాడు మర్చిపోయాడని మాత్రం వదిన గారు అనుకోవద్దు. పేరు పెట్టి రోజూ గుర్తు చేసేవాళ్లు వీధిలోనే ఉన్నారు కదా.

---

ఘాట్‌రోడ్డు డ్రైవర్

మేడం, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించా. "నెట్‌వర్క్ ప్రాబ్లం" దగ్గర ఆపమంది. మావాడు కూడా అదే చెప్పేవాడంట. నెట్ సరిగా రావడం లేదని నేను సిమ్ కూడా మార్పించా.

---

నైట్ డ్యూటీ సిస్టర్

మా ఇంట్లో కొట్టడం కాదు, అసలు ముట్టుకోకపోవడం. 2020లో నేను కోవిడ్ వార్డులో ఉన్నా. డ్యూటీ అయ్యాక కూడా విడిగా ఉంచేవాళ్లు. మా పాప వాళ్ల అవ్వ దగ్గర, పీలేరులో. ఒకసారి చూడాలనిపించి వెళ్లి గేటు బయటే నిలబడ్డా. అది మిద్దె మీద నుంచి చూసింది. పరిగెత్తుకుంటూ కిందికి వస్తుంటే "రావద్దు! లోపలికి పో!" అని అరిచాను. భయంతో గట్టిగానే అరిచాను.

ఆ అరుపే దాని మనసులో ఉండిపోయిందని నాలుగేళ్లు కుమిలిపోయా. పోయినేడు ధైర్యం చేసి అడిగితే, దానికి అరుపు గుర్తే లేదు! గుర్తున్నది వేరే. నేను తెచ్చిన చిక్కీ ప్యాకెట్టు గేటు మీద పెట్టి వెళ్లాను, దాన్ని వాళ్లవ్వ పసుపునీళ్లతో కడిగింది, చిక్కీ మెత్తబడిపోయింది. "అమ్మ ఇచ్చింది కడిగేశారు" అని ఏడ్చిందంట. నేను క్షమాపణ తయారు చేసుకున్నది ఒకదానికి, దాని బాధ ఇంకోదానికి.

అందుకే అన్నా, మీరు చెప్పే ముందు వాడికి ఏం గుర్తుందో అడగండి.

---

డిగ్రీ సెకండియర్

సారీ సిస్టర్ గారూ, అడగొద్దు అంటాను. కనీసం మొదట్లో అడగొద్దు.

అంకుల్, నేను అప్పుడు తొమ్మిదో క్లాసు. మా నాన్నది తిలక్ రోడ్డులో బట్టల షాపు. వివరాలు వద్దు. పోయిన సంక్రాంతికి మా నాన్న నన్ను కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అన్నాడు. ఆ మాటకే నాకు కడుపులో తిప్పింది. మా ఇంట్లో ఆ మాట తర్వాత మంచి ఎప్పుడూ రాలేదు. తర్వాత నలభై నిమిషాలు చెప్పాడు. షాపు అద్దె, మిత్తి, స్టాకు, మా చిన్నాన్న మోసం. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. చివరికి నేనే నీళ్లు తెచ్చిచ్చి "పర్లేదు నాన్నా" అని వీపు నిమిరాను. నన్ను కొట్టిన విషయం "అప్పుడు కొంచెం కోపంగా ఉండేవాణ్ణి" అన్న ఒక్క ముక్కలో అయిపోయింది. ఆ రాత్రి పడుకుని ఆలోచిస్తే నాకు అర్థమైంది, క్షమాపణ చెప్పించుకోవడానికి కూడా నేనే కష్టపడ్డానని.

మీరు చేసింది ఏదో అది పేరు పెట్టి చెప్పండి. వైరు అంటే వైరు అని. ఈఎంఐ సంగతి ఎత్తొద్దు. చెప్పాక వాడి ముఖం వైపు చూస్తూ కూర్చోవద్దు, ఏదో ఒకటి అనాలేమో అని మాకు టెన్షన్. బండిలో అయితే మంచిది, ఇద్దరూ రోడ్డు చూస్తుంటారు.

---

ఘాట్‌రోడ్డు డ్రైవర్

తమ్ముడూ, నువ్వు చెప్పింది మింగుడు పడటం లేదు. కంతు సంగతి చెప్పకపోతే వాడికి ఎట్లా తెలుస్తుంది, నేను ఊరికే కొట్టలేదని? తాగి కొట్టినవాడికీ నాకూ తేడా లేదా?

---

చిత్తూరు కౌన్సెలర్

తేడా ఉందండీ. కానీ ఆ తేడా మీకు ముఖ్యం, వీపుకు కాదు.

మీ బాధ కొత్తది కాదని చెప్పడానికి ఒక సంగతి. 1980లలో అమెరికాలో అయోవా అనే రాష్ట్రంలో వ్యవసాయం కుప్పకూలింది. భూముల ధరలు పడిపోయి, అప్పులు నెత్తిన కూర్చున్నాయి. మన మదనపల్లె టమోటా రైతు రోడ్డు మీద పంట పారబోసే రోజుల్లాంటివే అనుకోండి, అవి ఏళ్ల తరబడి సాగాయి. రాండ్ కాంగర్ అనే పరిశోధకుడు తన బృందంతో అక్కడి కుటుంబాలను ఏళ్లకేళ్లు వెంబడించి చూశాడు. వాళ్లు గమనించింది ఏమిటంటే, డబ్బు లేకపోవడం చాలావరకు నేరుగా పోయి పిల్లాడికి తగలదు. ముందు తల్లిదండ్రుల నిద్ర, మనసు పాడుచేస్తుంది, వాళ్లిద్దరి మధ్య గొడవ పెడుతుంది, ఆ తర్వాత వాళ్ల నోటి నుంచి, చేతి నుంచి పిల్లాడి దాకా వస్తుంది. అంటే పిల్లాడికి అప్పు కనబడదు, మీ ముఖం కనబడుతుంది. 2020లో మీ అబ్బాయికి రిజర్వు బ్యాంకు ఏం తెలుసు? తెలిసింది చార్జరు వైరు.

ఇంకొకటి. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే ఆయన 1970లలో పసిబిడ్డలతో ఒక ప్రయోగం చేశాడు. తల్లి బిడ్డతో ఆడుతూ ఆడుతూ, ఉన్నట్టుండి ముఖం బొమ్మలా పెట్టేస్తుంది, ఒకట్రెండు నిమిషాలే. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, చివరికి ఏడుపు. తర్వాత తల్లి మళ్లీ మామూలుగా మాట్లాడుతుంది. చాలామంది ఆ ఏడుపునే గుర్తుపెట్టుకుంటారు. ఆయన ఆ తర్వాతి భాగం మీద కూడా చాలా ఏళ్లు పనిచేశాడు. మంచి తల్లీబిడ్డల మధ్య కూడా తాళం తప్పుతూనే ఉంటుందట, మళ్లీ కలుపుకుంటారా లేదా అన్నదే ముఖ్యమట. పదహారేళ్లవాడికి ఇదే చెల్లుతుందని నేను చెప్పలేను కానీ, ఆలస్యమైందని మానుకోవాల్సిన పని మాత్రం లేదు.

సిస్టర్ గారు చెప్పిందీ, డిగ్రీ అబ్బాయి చెప్పిందీ రెండూ నిజమే. మీ విషయంలో నేను అబ్బాయి వైపు. మీకు జరిగింది ఏమిటో ఇప్పటికే తెలుసు, అడిగి తెలుసుకోవాల్సింది తక్కువ.

వాడికి నిద్ర పట్టకపోవడం, చదువు మీద ధ్యాస పోవడం లాంటివి కనబడితే, లేదా మీకే తట్టుకోలేనట్టు ఉంటే, టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రైనా ఎత్తుతారు. డ్రైవర్లకు అర్ధరాత్రే తీరిక కదా, అందుకని చెప్తున్నా.

---

పుత్తూరు పాత మనిషి

టీచరమ్మా, గుర్తుంది. మా మేనమామ, ఇద్దరు చాకలోళ్లు, మా పంతులు. పంతులు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

---

ఘాట్‌రోడ్డు డ్రైవర్ (మూడు వారాల తర్వాత)

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో అని రాస్తున్నా.

మొన్న ఆదివారం రేణిగుంటలో పార్టీని ఎక్కించుకోవాలి. వాడికి బూట్లు కావాలంటే, వచ్చేటప్పుడు కొందాం రా అన్నా. వస్తాడనుకోలేదు, వచ్చాడు. రైలు నలభై నిమిషాలు లేటు. చింతచెట్టు కింద బండి ఆపా. ఏసీ ఆఫ్ చేసి అద్దాలు దించా. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చున్నా, నోరు రాలేదు. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

తర్వాత చెప్పా. "ఆరో క్లాసులో ఉన్నప్పుడు నిన్ను చార్జరు వైరుతో కొట్టా. మైక్ ఆన్‌లో ఉందని నాకు మొన్ననే తెలిసింది. టీడీ అంటే ఏందో కూడా మొన్ననే తెలిసింది. నేను కూడా ఒకసారి నిన్ను అట్లా పిలిచా. తప్పు నాది." నాలుగు రోజులు బండిలో ఒంటరిగా అనుకుని అనుకుని బట్టీ పట్టిన మాటలవి. కంతు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. తమ్ముడూ, నీ మీద కోపంగానే మింగేశా.

వాడు ఫోన్ చూస్తూనే ఉన్నాడు. స్క్రీన్ ఆరిపోయింది, అయినా చూస్తూనే ఉన్నాడు.

"మైక్ నేనే ఆన్ చేశా" అన్నాడు.

"ఎందుకురా?"

"సార్ లెక్క అడిగాడు. ఎవరూ చెప్పలేదు. నాకొచ్చు. అప్పుడే కాల్ వచ్చింది. కట్ చేసి మైక్ నొక్కా."

నేనేమీ అనలేదు. అనడానికేముంది? లెక్క చెప్పడానికి మైక్ నొక్కినోడి నోట్లోంచి మాట రాకముందే నేను లోపలికి పోయా.

కాసేపటికి వాడే అడిగాడు. "ఆ పార్టీ ఎక్కడికి పోవాలని ఫోన్ చేసింది?"

"కాణిపాకం, అరగొండ, మళ్లీ తిరుపతి."

"ఎంత వచ్చేది?"

"రెండు వేల ఎనిమిది వందలు."

తల ఊపాడు. అదేదో బజార్లో ధర అడిగినట్టు. డీజిల్ ఎంత పోయేది, చేతికి ఎంత మిగిలేది అని కూడా అడిగాడు, చెప్పా. మీరంతా చెప్పొద్దన్నది వాడే అడిగి తెలుసుకున్నాడు, నేను ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

ఆ పేరుతో పిలవొద్దని ఫ్రెండ్సుకు నేను చెప్పనా అని అడిగా. "వద్దు నాన్నా. ఇంటర్ బ్యాచ్‌కు దాని అర్థమే తెలీదు. తన్మయ్ దేవ్ అని చెప్పా" అన్నాడు. వాడి పేరు అది కాదు. మా వంశంలోనే లేదు అట్లాంటి పేరు. నాకు నవ్వొచ్చింది, నవ్వాలో లేదో తెలియలేదు. వాడు కిటికీ వైపు తిరిగాడు.

బొరుగులవాడు వస్తే రెండు పొట్లాలు తీసుకున్నాం. మావాడు ఉల్లిపాయలు ఏరి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. ఉల్లిపాయ తినడని నాకు తెలియదు. రైలు వచ్చింది, పార్టీలో ఆరుగురు, సామాను ఎక్కువ. డిక్కీలో వాడే సర్దాడు. వెనక చోటు చాలక, నువ్వు బస్సులో రా అన్నా. బూట్లు ఇంకా కొనలేదు.